జానెడు సందు

ఉపేందర్‌రావు మీద లీలాబాయికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన తలుపులు మూస్తాడు. తాగడు, పేకాడడు, గొంతు పెంచడు, కూరలో ఉప్పు మరిచిపోతే మజ్జిగ పోసుకుని లేచిపోతాడు. ఇన్ని సుగుణాలున్న మనిషికి దేవుడు ఈ ఒక్క జబ్బు ఎందుకు పెట్టాడో ఆమెకు అంతుపట్టదు. కరీంనగర్‌లో ఒక విత్తనాల సొసైటీ గోదాము ఆయన చేతిలో ఉంది. పొద్దంతా షట్టర్లు దించి, తాళాలు వేసి, వేసిన ప్రతి తాళాన్నీ మూడుసార్లు గుంజి చూస్తాడు. ఇంటికొచ్చాక కూడా ఆ చేయి ఊరుకోదు. వంటింటి తలుపు, బీరువా తలుపు, పక్కింటివాళ్ళ గేటు, ఆఖరికి పొయ్యి దగ్గర సగం తెరిచి ఉన్న అగ్గిపెట్టె.

ఆయన మూసినవన్నీ లీలాబాయి తెరుస్తుంది. పన్నెండేళ్ళ కాపురంలో ఇదొక ఆటలా సాగిపోయింది గానీ, ఆట కాదని ఇద్దరికీ తెలుసు. ఆమె స్నానం చేస్తుంటే బాత్‌రూం తలుపు బార్లా తెరిచి ఉండాలి. అడ్డంగా పాత చీర, చీరకు ఇవతల ఆరేళ్ళ కూతురు వసుధ కాపలా. ఎక్కం చదువుతుంటే మనిషి ఉన్నట్టు తెలుస్తుందని తల్లి నేర్పిన ఉపాయం వల్ల, ఒకటో తరగతిలోనే ఆ పిల్లకు పదమూడో ఎక్కం వచ్చేసింది. రాత్రి లీలాబాయి మంచం గడపకు అడ్డంగా పడుతుంది. కార్తీకం చలిలో, తెరిచిన తలుపు ఎదురుగా, ఉపేందర్‌రావు కోతి టోపీ పెట్టుకుని, మఫ్లరు చుట్టుకుని, కొండెక్కబోతున్నవాడిలా నిద్రపోతాడు.

ఆ ఆదివారం బాలమల్లు వచ్చాడు. సుల్తానాబాద్ పక్కన లీలాబాయి పుట్టింట్లో అతను ఆమె పుట్టకముందు నుంచి జీతానికి ఉన్నాడు. బీరకాయల సంచి గడప లోపల పెట్టి, తాను గడప బయటే గొంతుక్కూర్చున్నాడు.

"పెద్ద దొరసాని చెప్పుమన్నదమ్మా. వచ్చే ఐతారం గుమ్మి తీస్తరట. కొత్త వడ్లు కోతకొచ్చినయి. పాపను తోలుకొని రమ్మన్నది."

"పాపెందుకు?"

బాలమల్లు తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "లోపటికి దిగేటందుకు."

వెదురు తడికె గుండ్రంగా అల్లి, పేడా మట్టీ మెత్తిన ఆ వడ్ల గుమ్మి నిలువెత్తుకు పైనే ఉంటుంది. అడుగున పిడికెడంత బొక్క, దానికి గడ్డి కుచ్చు. కుచ్చు లాగితే వడ్లు వాటంతటవే జారతాయి. అడుక్కు పోయాక జారవు. అప్పుడు ఇంట్లో ఒక చిన్నపిల్లను పైనుంచి నిచ్చెన వేసి దింపుతారు, మిగిలినవాటిని చేతులతో బొక్క దగ్గరికి తోయడానికి. పెద్దవాళ్ళు దిగితే అడుగు మెత్తు పగిలి ఎలుకలు చేరతాయట.

లీలాబాయి కూడా ఎనిమిదేళ్ళప్పుడు దిగింది. ఆ కథ ఆమె పుట్టింట్లో పెళ్ళి పందిళ్ళలో చెప్పుకునే కథ. పిల్లను దింపితే వడ్ల మీదే పడుకుని నిద్రపోయిందట, పొద్దుగూకేదాకా ఎవరికీ యాదికే లేదట. తల్లి రాధాబాయి ఆ కథ చెప్తూ గురక పెట్టి మరీ చూపించేది. అందరూ విరగబడి నవ్వేవారు. లీలాబాయి కూడా నవ్వేది. కాలేజీలో రెండేళ్ళు నాటకాలు వేసిన మనిషి, నవ్వడం ఎంతసేపు. బాలమల్లు మాత్రం ఆ కథకు నవ్వగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వస్తమని చెప్పు," అంది. ఇంకేమనాలి? పిల్ల నిద్రపోతుందని భయపడే తల్లి ఎక్కడైనా ఉంటుందా?

ఆ మర్నాడు ఉదయం ఈదురుగాలి వీచింది. ఉపేందర్‌రావు చేయి ఎప్పటిలాగే తలుపు మీదకు పోయింది. లోపల జడ వేసుకుంటున్న లీలాబాయి వెనక్కి తిరిగేసరికి గదిలో వెలుతురు సన్నబడుతోంది. ఏం చేస్తోందో తెలియకుండానే రెండు చేతులతో తలుపును ఎదురు తోసింది. ఆ తోపుకు వెళ్ళిన తలుపు గాలికి అంతే విసురుగా తిరిగొచ్చింది. అటునుంచి తలుపు, ఇటునుంచి చౌకట్టు, మధ్యలో ఉపేందర్‌రావు చూపుడువేలు.

ఆయన "అబ్బా" అన్నాడు. అంతే అన్నాడు. గోరు నల్లబడి, పక్క నుంచి నెత్తురు కారింది.

*

మిషన్ దవాఖాన ఇంటికి రెండు వీధుల అవతల. కట్టు కట్టే గదిలో సంతోషమ్మ ఉంది. నర్సు ఉద్యోగం నుంచి రిటైరై నాలుగేళ్ళయినా పొద్దుటిపూట వచ్చి కూర్చుంటుంది. గంజి పెట్టిన తెల్లచీర, దారం కట్టి మెడలో వేసుకున్న కళ్ళద్దాలు.

"ఎట్లయింది సార్?"

"తలుపుల పడ్డది సిస్టర్. మా ఆమెకు తలుపు మూస్తే పడది." ఉపేందర్‌రావు నొప్పి మరిచిపోవడానికి మాటల్లోకి దిగాడు. "చిన్నప్పుడు గుమ్మిల పండుకున్నదట. మా అత్తగారు చెప్తరు సూడుండ్రి, గుర్రు గుర్రుమని..." అంటూ అత్తగారిలాగే గురక మొదలుపెట్టాడు. సంతోషమ్మ స్పిరిట్ దూది ఆనించడంతో ఆ గురక సగంలో వేరే చప్పుడైంది.

లీలాబాయి నవ్వింది. అలవాటు.

సంతోషమ్మ నవ్వలేదు. గదిలో కుర్చీ ఖాళీగా ఉండగా ఈమె గడప మీద ఒక కాలు బయట పెట్టుకుని నిలబడి ఉండటాన్ని కళ్ళద్దాల పైనుంచి చూసింది. కట్టు ముడి వేసి, చీటీ మీద రాసింది.

"ఐదు దినాలు కట్టు మార్చాలె సార్. రేపు అమ్మను గూడ తోలుకరాండ్రి. కట్టుగుడ్డలు చుట్టేటందుకు నాకు మనిషి లేదు."

"ఆమెకు వస్తదా?" అన్నాడు ఉపేందర్‌రావు.

"బీయే చదివిన," అంది లీలాబాయి. "గుడ్డ చుట్టుడు రాదా?"

మంగళవారం సంతోషమ్మ ఆమె స్టూలును గడపలోనే వేయించింది. ఉతికి ఆరేసిన గుడ్డ పట్టీలు ఒళ్ళో పోసింది. ఒక కొస మడిచి, తొడ మీద పెట్టి, అరచేత్తో ముందుకు దొర్లిస్తూ పోవాలి. వదులైతే కట్టు జారుతుంది, బిగువైతే నెత్తురు ఆడదు. కట్టు మార్చాక ఉపేందర్‌రావు వరండా చివర వేపచెట్టు నీడకు పోయి, వేలు ఆకాశానికి చూపిస్తూ కూర్చున్నాడు. మాటలు వినపడనంత దూరం.

నాలుగు పట్టీలు అయ్యాయి. ఐదోది సగంలో ఉండగా సంతోషమ్మ, సిరంజీలు ఉడికే గిన్నె వైపే చూస్తూ అడిగింది.

"గా దినం నువ్వు నిజంగ పండుకున్నవా బిడ్డా?"

లీలాబాయి చేతిలోని పట్టీ జారిపడి, గడప దాటి, వరండా గచ్చు మీద చివరిదాకా విప్పుకుంటూ పోయింది. ఇరవైయైదేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె లేచి వెళ్ళి పట్టీని మొత్తం చుట్టుకుంటూ వచ్చి మళ్ళీ కూర్చుంది.

"పండుకోలే," అంది.

సంతోషమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "రేపు గీ యాల్లకే రా," అంది.

దారిలో ఉపేందర్‌రావు ఏం మాట్లాడుకున్నారని అడిగాడు.

"గుడ్డలు చుట్టినం."

"గంతసేపా?"

"మీ వేలు లావున్నది గద."

బుధవారం ఆమె చెప్పింది. ముందు తనకు ఇదివరకు జరిగిన వైద్యాల జాబితా చెప్పింది, నవ్విస్తూనే. అత్తగారు కట్టించిన తాయెత్తు దురద పెట్టింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద డాక్టరు ఐదు నిమిషాలు చూసి మాత్రలు రాశాడు. అవి మింగితే పగలంతా నిద్ర, పొయ్యి మీద అన్నం మాడు. బస్సు చార్జీలు, లాడ్జి, ఫీజు కలిపి సగం జీతం. రెండుసార్లు పోయొచ్చాక ఉపేందర్‌రావు తలవంచుకుని, "మూడోసారి మనతోని కాదు లీలా," అన్నాడు. అనడానికి ఆయనకెంత కష్టమైందో చూసి, తనకు తగ్గిందని ఆమే అబద్ధమాడింది. ఆ రాత్రే మంచాన్ని గడపలోకి జరుపుకుంది.

"నాకు పిచ్చా సిస్టరమ్మా?"

"పిచ్చి గాదు. దెబ్బ తాకింది, ఎవ్వలు కట్టు కట్టలే." సంతోషమ్మ కొత్త పట్టీ అందించింది. "నేను డాక్టర్ను గాను. బెంగుళూరుల ఒక యేడాది గీ మనసు రోగాల వార్డుల పని నేర్సుకున్న. వచ్చినాక ఈడ ఎవ్వలు అడగలే, కాన్పులే చేసిన. నాకు తెలిసింది చెప్త. తెలువంది చెప్ప."

"మీకెంత ఇయ్యాలె?"

"రెండు రూపాల చీటి సారుకు రాసిందే ఉన్నది గద. ఒక చీటి మీద ఇద్దరిని సూడొద్దని ఏడ రాసి లేదు."

లీలాబాయి పట్టీ కొస మడిచింది. తొడ మీద పెట్టింది. దొర్లించడం మొదలుపెట్టాక మాట వచ్చింది.

ఆ రోజు బడికి పోతానంది. పరీక్ష ఉంది. గుమ్మిలోకి దింపారు. లోపల కూర్చుని, బడికి పంపితేనే తోస్తానని మొండికేసింది. పైనుంచి అవ్వ ముఖం కనిపించింది, కన్నతల్లి ముఖం. "అయితే అండ్లనే ఉండు," అంది. నిచ్చెన పైకి పోయింది. తర్వాత పైన కప్పే తడక వచ్చి పడింది. ముందు కోపం వచ్చింది. తర్వాత దాహం. వరి నూగు మెడలో, కళ్ళలో, గొంతులో. అరిచింది. బొక్కలో గడ్డి కుచ్చు గట్టిగా కొట్టి ఉంది, వేళ్ళతో పీకితే గోళ్ళు లేచాయి. ఇల్లంతా చప్పుడు లేదు. ఎవరూ లేరు. అరిచి అరిచి గొంతు పోయాక, గోడను కాలితో తన్నుతూ పడుకుంది. పొద్దుగూకాక ఆ తన్నుడు విని బాలమల్లు తడక తీశాడు.

"తెల్లారి అందరు నవ్విండ్రు," అంది. "నిద్రపోయిందట, నిద్రపోయిందట అని. నాకు గొంతు లేదు. కాదని చెప్పరాలే. గొంతు వచ్చేసరికి కథ ఊరంత తిరిగొచ్చింది."

చూసుకుంటే ఒళ్ళో పదకొండు పట్టీలు. అన్నీ రాయిలా బిగువుగా ఉన్నాయి. సంతోషమ్మ ఒక్కొక్కటే నొక్కి చూసి, "ఇయ్యి మల్ల చుట్టాలె," అంది. ఇద్దరూ కలిసి విప్పడం మొదలుపెట్టారు.

*

గురువారం నుంచి ఇంట్లో సంతోషమ్మ చెప్పిన కొత్త పని మొదలైంది. తలుపు లీలాబాయే మూయాలి. ఇంకెవరూ ముట్టొద్దు. మొదటిరోజు జానెడు సందు ఉంచి మూయాలి, సందులో ఒక చెప్పు పెట్టుకోవాలి, ఊపిరి నిదానమయ్యేదాకా అక్కడే ఉండాలి. పారిపోవద్దు, పంతానికి పోవద్దు. చెప్పు తీసేది, పెట్టేది ఆమె ఇష్టం. తీయకపోయినా ఎవరూ ఏమీ అనరు.

"ఎన్ని దినాలల్ల తగ్గుతది?" అని అడిగితే, "సారు గోరు ఊడి కొత్త గోరు రావాలంటె ఆర్నెల్లు," అంది సంతోషమ్మ. "నీది గింత గోరా?"

ఆ సాయంత్రం బాత్‌రూం తలుపు సందులో ఉపేందర్‌రావు హవాయి చెప్పు చూసి వసుధ ఎక్కం ఆపేసింది.

"బాపూ, నీ చెప్పు తానం చేస్తుంది."

ఉపేందర్‌రావుకు ఏమీ అర్థం కాలేదు. శుక్రవారం అన్నం తినేటప్పుడు లీలాబాయి ఆయనకు చెప్పింది. ఎదురుగా కూర్చుని చెప్పలేక, పప్పు గిన్నె, అన్నం గిన్నె, నెయ్యి గిన్నె వరసగా సర్దుతూ చెప్పింది. గిన్నెలు మూడుసార్లు చోటు మారేసరికి కథ అయిపోయింది.

ఆయన ఎడమచేత్తో తినడం ఆపాడు.

"నేను గురక పెట్టి చూపించిన," అన్నాడు. "సిస్టర్ ముంగట గూడ."

"మంచిగనే పెట్టిండ్రు. అవ్వకన్న మంచిగ."

ఆయన నవ్వలేదు. చేయి కడుక్కుని, పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని పోయాడు. బాత్‌రూం తలుపుకు బయటివైపు ఒక గొళ్ళెం ఉంది. కట్టు ఉన్న వేలిని పైకెత్తి పట్టుకుని, మిగతా వేళ్ళతో ఒక్కొక్క స్క్రూ విప్పాడు. మూడోది తుప్పుపట్టింది, కిరోసిన్ పోసి విప్పాడు. తర్వాత పడకగది తలుపుది, వంటింటిది. మూడు గొళ్ళేలూ బయటినుంచి తీసి లోపలివైపు బిగించాడు. బిగించాక అలవాటు కొద్దీ మూడుసార్లు గుంజబోయి, ఆగి, గొళ్ళేన్ని ఆమె వైపు చూపించాడు.

లీలాబాయి వచ్చి ఒక్కసారి గుంజింది. "గట్టిగనే ఉన్నది," అంది.

శనివారం సంతోషమ్మ వేలికి కట్టు తీసేసింది. "సారుకు అయిపోయింది. నువ్వు శుక్రవారం శుక్రవారం రా బిడ్డా. నీ పేరు మీద చీటి రాపిచ్చుకో ఇగ."

"రేపు మా అవ్వ ఇంటికి పోతున్నం. గుమ్మి తీస్తరు. పాపను దింపుమంటది."

"నువ్వేం చేస్తవ్?"

"తెలువది."

సంతోషమ్మ మెడలోని కళ్ళద్దాలు చీర కొంగుతో తుడిచింది. "చేసేది నీ ఇష్టం. ఏం చేసినా చెప్పు పెట్టే సందు ఒకటి చూసుకో."

*

రాధాబాయికి డెబ్బై దగ్గర పడినా ఇల్లు ఇంకా ఆమె కేక మీదే నడుస్తోంది. కొడుకూ కోడలూ పొలంలో కోత దగ్గర ఉన్నారు. పెరటి కొట్టంలో గుమ్మి, దాని పక్కన నడుమెత్తు అరుగు. అరుగెక్కితే గుమ్మి అంచు ఛాతీకి తగులుతుంది. ఆమె అప్పటికే అరుగెక్కి, పై తడక తీసి, నిచ్చెన లోపలికి దించి సిద్ధంగా ఉంది. కింద బొక్క దగ్గర బాలమల్లు బస్తాలు పరుస్తున్నాడు.

"రా పిల్లా రా," అంది వసుధను చూసి. "మీ అమ్మ లెక్క అండ్ల పండుకునేవు. గుర్రు..."

"అత్తగారూ," అన్నాడు ఉపేందర్‌రావు. గురక ఆగింది. పన్నెండేళ్ళలో అల్లుడు మాటకు అడ్డం రావడం ఇదే మొదటిసారి. ఆయన నల్లటి గోరును చూసుకుంటూ నిలబడ్డాడు.

"వసుధ దిగది," అంది లీలాబాయి.

"మరెవ్వలు దిగుతరే? నేనా?"

"నేను దిగుత."

"పిచ్చిదానివా? మెత్తు పలుగుతది. ఎలుకలు జొరబడ్తయి."

"పలిగితె నేనే వచ్చి మెత్తుత." ఆమె కొంగు నడుముకు దోపి అరుగెక్కింది. "నిచ్చెన నువ్వు పట్టుకోవాలె అవ్వా. బాలమల్లు గాదు, మీ అల్లుడు గాదు. నువ్వు."

రాధాబాయి కూతురి ముఖంలోకి చూసింది. నిచ్చెన కొస పట్టుకుంది.

ఐదు మెట్లు. మూడో మెట్టు దగ్గర ఆ వాసన వచ్చింది. పాత వడ్లు, ఎండిన పేడ, దుమ్ము. లీలాబాయి కాళ్ళు ఆగిపోయాయి. ఊపిరి నిదానమయ్యేదాకా అక్కడే ఉండాలి. పారిపోవద్దు, పంతానికి పోవద్దు. ఆమె మెట్టు మీద నిలబడి, కింద వసుధ కనిపించకపోయినా, "ఎక్కం చదువు," అంది.

"ఏ ఎక్కం అమ్మా?"

"పదమూడు."

పదమూడు నాలుగులు దగ్గర పాదం వడ్లను తాకింది. చల్లగా ఉన్నాయి. పైన ఆకాశం లేదు గానీ కొట్టం పెంకుల్లోంచి వెలుతురు ఉంది. ఆ వెలుతురులో, అంచు మీద, అవ్వ కుడిచేయి ఒక్కటి కనిపిస్తోంది. నిచ్చెన కొసను పట్టుకున్న ముడతల చేయి. లీలాబాయి ఆ చేతిని చూస్తూ కూర్చుంది. బాలమల్లు బయటినుంచి కుచ్చు లాగాడు. పిడికెడంత వెలుతురు లోపలికి వచ్చింది. ఆమె రెండు అరచేతులతో వడ్లను దానివైపు తోసింది.

"వస్తున్నయి అమ్మా!" వసుధ అరిచింది, ఎక్కం వదిలేసి.

ఒక బస్తా నిండింది. నూగు మెడలో దురద పెడుతోంది. చేతులు పనిలో ఉన్నాయి, గొంతు ఉంది.

"అవ్వా. గా దినం నేను పండుకోలే."

అంచు మీది చేయి పట్టు మార్చుకుంది.

"పండుకున్నవ్ గదనే," అంది రాధాబాయి. గొంతులో నవ్వు తెచ్చుకోబోయింది. "గిప్పుడెందుకది?"

"బడికి పోతనన్న. అండ్లనే ఉండు అన్నవ్. నిచ్చెన గుంజినవ్. తడక ఏసినవ్."

నిచ్చెన కదిలింది. లీలాబాయి ఊపిరి ఎక్కడిదక్కడ ఆగింది. కర్ర వడ్లలోంచి అంగుళం పైకి లేచి, మళ్ళీ కిందికి దిగి గట్టిగా దిగబడింది. అంచు మీద రెండో చేయి కూడా వచ్చింది. రెండు చేతులూ నిచ్చెనను బిగించి పట్టుకున్నాయి.

"మా అక్క పోయిందని కబురొచ్చింది," అంది రాధాబాయి. చిన్న గొంతు, ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు. "బండి కట్టిండ్రు. ఏడ్సుకుంట ఎక్కిన."

"మర్సిపోయినవ్."

"మర్సిపోలే."

లీలాబాయి చేతులు ఆగాయి. బొక్కలోంచి జారుతున్న వడ్ల చప్పుడు కూడా ఆగింది.

"వాగు దాటంగ యాదికొచ్చింది. మీ నాయనమ్మ బండిల నా పక్కనే కూసున్నది. చెప్తె అందరి ముంగట ఏమంటదో అని నోరు రాలే. జరసేపు, ఇంక జరసేపు అనుకుంట ఊరు దాంక పోయిన. రాత్రి వచ్చినం. తెల్లారి పండుకున్నదట అని నేనే అన్న. అందరు నవ్విండ్రు. ఆళ్ళు నవ్వుతె నాకు పాణం నిమ్మళమైంది. గందుకే మల్ల మల్ల చెప్పిన."

బాలమల్లు బస్తా మూతి పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. లీలాబాయి లేచి నిలబడి నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. నిచ్చెన కదల్లేదు. రెండోది. మూడోది. తల అంచుకు వచ్చేసరికి తల్లి ముఖం ఎదురుగా, జానెడు దూరంలో ఉంది.

"బాలమల్లూ, నువ్వు గూడ ఇను," అంది రాధాబాయి, ఈసారి పెద్ద గొంతుతోనే, కళ్ళు కూతురి మీదనుంచి తిప్పకుండా. "అల్లుడా, నువ్వు గూడ. నా బిడ్డ పండుకోలే. నేనే మూసి పోయిన. తప్పు నాది."